చంద్రమ్మ ఆగిన పదకొండు సెకన్లు

మొత్తం పదకొండు సెకన్లు. నేను చాలాసార్లు లెక్కపెట్టాను. పదకొండో సెకనులో తెర మీదికి పరుగెత్తుకుంటూ వచ్చేది నేనే కాబట్టి అందులో సందేహం లేదు. అంతకుముందు పది సెకన్లూ రెండేళ్ల వర్షిత నేల మీద బోర్లా పడి ఉంటుంది. ఆ పిల్లకు రెండడుగుల దూరంలో మా ఆయమ్మ చంద్రమ్మ నిలబడి ఉంటుంది. ముందుకు వంగుతుంది, చేతులు చాపుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. తల తిప్పి పాలు కాచే గది వైపు చూస్తుంది. నోరు తెరిచి ఉంటుంది. మా పిల్లల గది కెమెరాకు చూపు ఉంది గాని చెవి లేదు.

ఇది జరిగింది మంగళవారం. శుక్రవారం మూడు గంటలకు మీటింగ్ అన్నారు. చంద్రమ్మ పిల్లల గదిలో ఉంటుందా, పోతుందా అన్నది అక్కడే తేలుస్తామన్నారు. మధ్యలో ఉన్న ఆ రెండు రోజులూ నా కాలు ఒక చోట నిలవలేదు. ఎదుటివాళ్లు చెప్పే మాట చివరిదాకా వినే ఓపిక కూడా పోయింది. మా అమ్మ రుక్కమ్మ అయితే "ఏందే, ఇల్లంత కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అని రెండుసార్లు అడిగింది.

నా పేరు భానుశ్రీ. మాది కొత్తగూడ. ఫ్లైఓవర్ రాకముందు, ఆ అపార్ట్‌మెంట్లన్నీ లేవకముందు నుంచీ మాది కొత్తగూడే. నానక్‌రామ్‌గూడ పక్కన ఒక ఇరవై అంతస్తుల కట్టడం ఉంది. పైన సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, కింద నేలంతస్తులో వాళ్ల పిల్లల కోసం క్రెష్. అక్కడ నేను టీచర్ని. ఒకటిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలు పద్నాలుగు మంది మా గదిలో ఉంటారు. నాకు కోపం ఎక్కువని మావాళ్లంతా అంటారు, అది నిజమే. కాని పిల్లల మీద ఎన్నడూ చూపించలేదు. పెద్దవాళ్ల మీద చూపించడానికి కావలసినన్ని అవకాశాలు ఉంటాయి.

చంద్రమ్మది నారాయణపేట వైపు ఒక ఊరు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. భర్త నర్సయ్య ఇదే దారిలో ఇంకో కట్టడానికి సెక్యూరిటీ గార్డు. అయిదేళ్ల కింద ఇద్దరూ నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. గది అడిగినప్పుడు ఇంటామె "మీరేమోళ్లు" అంటే నర్సయ్య "పాలమూరోళ్లం అమ్మా" అన్నాడట. ఆమె అడిగింది కులం, అతను చెప్పింది జిల్లా. ఎందుకో ఆమె మళ్ళీ అడగలేదు, వీళ్లు మళ్ళీ చెప్పలేదు.

నాలుగేళ్లు చంద్రమ్మ మా కట్టడంలోనే ఆరో అంతస్తు బాత్రూములు కడిగింది. యాసిడ్‌కు వేళ్ల సందులు పగిలి, కొబ్బరినూనె రాసుకుంటూ తిరిగేది. ఆ పనిలో ఆమెను ఎక్కువ బాధపెట్టింది మాత్రం యాసిడ్ కాదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఎక్కడా కూర్చోకూడదు. అన్నం తినడానికి రెండో బేస్‌మెంట్‌లో నీళ్ల పంపుల పక్కన చోటు చూపించారు. అక్కడా నిలబడే తినాలి, పంపు హోరుకు మనిషి మాట మనిషికి వినపడదు. "నాలుగేండ్లల్ల డ్యూటీల ఒక్కపారి గూడ కూసోలే టీచరమ్మా" అని ఆమె నాతో అన్నప్పుడు నేను నమ్మలేదు. తర్వాత నాలుగు రోజులు గమనించి నమ్మాను.

ఆమె నా కంట పడింది మా గది అద్దాల తలుపు దగ్గర. నేలంతస్తు మనిషి రాని రోజున ఈమెను కిందికి పంపేవారు. బయటి నుంచి అద్దం తుడుస్తుంటే లోపలి నుంచి పిల్లలు అరచేతులు ఆనించేవారు. ఆమె గుడ్డ ఎటు పోతే చేతులు అటు పోయేవి. ఆమె కావాలనే గుడ్డను పైకి, కిందికి, గుండ్రంగా తిప్పేది. పిల్లలు కిలకిలా నవ్వుతూ ఆ గుడ్డ వెంట తిరిగేవారు. పది నిమిషాల్లో అయిపోయే అద్దం ఆమెకు అరగంట పట్టేది. సూపర్‌వైజర్ వస్తే మాత్రం ముఖం కొయ్యబార్చుకుని నిలువునా తుడిచేది.

మా పాత ఆయా కాన్పుకు వెళ్లినప్పుడు నేను చంద్రమ్మను అడిగాను. వద్దంది. వారం తర్వాత మళ్ళీ అడిగాను, నవ్వి ఊరుకుంది. మూడోసారి కొంచెం విసుక్కుంటూనే అడిగాను. అప్పుడు గోడ వైపు చూస్తూ ఒక మాట అడిగింది.

"ఆ పిల్లల తల్లులకు నేనెవరో చెప్పిన్రా?"

"ఆధార్ ఇచ్చినవ్. పోలీస్ వెరిఫికేషన్ అయ్యింది. రక్త పరీక్షలు గూడ అయినయ్. ఇంకేం చెప్పాలె?" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి "గంతేనా" అంది. మర్నాడు వచ్చి చేరింది. నేను గొప్ప పని చేశానని ఆ రోజంతా సంతోషపడ్డాను. ఆమె అడిగిందేమిటో నాకు అప్పుడు అర్థమైతే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మొదటి రోజు చంద్రమ్మ గడప పక్కన మడమల మీద గొంతుక్కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా. మూడో రోజుకు బాసింపట్టు వేసుకుంది. రెండో వారానికి మధ్యాహ్నం నిద్ర వేళ ఆమె రెండు తొడల మీదా ఇద్దరు పిల్లలు, వీపుకు ఆనుకుని ఒకరు. ఇంటికి రాగానే మాట లేకుండా పడుకునే మనిషి, ఇప్పుడు ఏ పిల్ల ఏం చేసిందో పొద్దుపోయే దాకా చెప్తోందని నర్సయ్య నాతో అన్నాడు. అతని ముఖంలో సంతోషం, కొంచెం చిరాకు రెండూ ఉన్నాయి.

అయితే ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. అన్నం గిన్నె పిల్ల చేతికివ్వదు, ముందు బల్ల మీద పెడుతుంది. "చేతికియ్యి చంద్రమ్మా, అక్కడ పెడితే ఒలకబోస్తరు" అని నేను గదమాయిస్తే "అట్లనే" అనేది, మళ్ళీ బల్ల మీదే పెట్టేది. తనంతట తానుగా ఏ పిల్లనూ ఎత్తుకునేది కాదు. పిల్లే దగ్గరకు వచ్చి రెండు చేతులూ పైకి చాపాలి. అప్పుడు మాత్రం ఆమె ఎత్తుకునే తీరు చూడాలి, మళ్ళీ దింపడానికి మనసొచ్చేది కాదు. పిల్లలు వారంలో ఈ కిటుకు కనిపెట్టారు. అందరికంటే ముందు కనిపెట్టింది వర్షిత. పొద్దున తల్లి చెయ్యి వదిలిన వెంటనే చంద్రమ్మ ముందుకొచ్చి చేతులు చాపేది.

ఈ అలవాటుకు ఆమెకు చప్పట్లు కూడా దక్కాయి. నెల కింద మాకు శిక్షణ ఇవ్వడానికి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చింది. పిల్లను ముట్టుకునే ముందు పిల్ల ఒప్పుకోలు తీసుకోవాలని రెండు గంటలు చెప్పి, చివరికి చంద్రమ్మను చూపించి, "ఈమెను చూసి నేర్చుకోండి, ఎంత సహజంగా పిల్ల అడిగేదాకా ఆగుతోందో" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం. చంద్రమ్మ చీర కొంగు సర్దుకుంటూ తల వంచుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. ఆ రోజు నేను కొట్టిన చప్పట్లు తలచుకుంటే ఇప్పుడు నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

మంగళవారం పదకొండు దాటింది. నేను పక్క గదిలో పాలు వెచ్చబెడుతున్నాను. వర్షిత ప్లాస్టిక్ కప్పు పట్టుకుని పరుగెత్తుతూ చాప అంచు తట్టుకుని బోర్లా పడింది. బోర్లా పడిన పిల్ల చేతులు చాపదు. నాకు "టీచరమ్మా, బిడ్డ పడ్డది, బిడ్డ పడ్డది" అన్న కేక వినపడింది. గిన్నె అక్కడే పెట్టి పరుగెత్తాను. పిల్లను ఎత్తి చూస్తే కింది పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఐసు పెట్టాక అయిదు నిమిషాల్లో ఏడుపు మానింది. తొమ్మిదో అంతస్తు నుంచి తల్లి దిగి వచ్చేసరికి బిస్కట్ అడుగుతోంది.

తల్లి పేరు కృష్ణప్రియ. పైన ఒక ఆఫీసులో మేనేజర్. మా గది కెమెరా తల్లిదండ్రుల ఫోన్లలో కూడా కనిపిస్తుంది. ఆమె ఆ సమయంలో సరిగ్గా అదే చూస్తోంది. వచ్చి పిల్లను తీసుకుని, గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"పడటం గురించి కాదు భానుశ్రీ గారూ నేనంటున్నది. పిల్లలన్నాక పడతారు. నా కూతురు నేల మీద పడి ఏడుస్తుంటే ఆమె నిలబడి చూసింది. ఎందుకు చూసింది? నాకు ఆ ఒక్కటి చెప్పండి."

న్యాయంగా చెప్పాలంటే ఆ తల్లి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకూ అదే ప్రశ్న. ఆమె వెళ్లాక నేను చంద్రమ్మను గట్టిగానే అడిగాను. "తప్పయింది టీచరమ్మా" అని, రెండు నెత్తురు చుక్కలున్న చోట నేల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మూడుసార్లు తుడిచింది.

మీటింగయ్యేదాకా ఆమెను పిల్లల గదిలోకి రానివ్వొద్దన్నారు. బుధవారం సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. కూర్చోమన్నారు గాని ఆమె కూర్చోలేదు. బొమ్మలన్నీ కడిగి ఆరబెట్టింది. ఆరాక మళ్ళీ కడిగింది. అద్దంలోంచి పిల్లలు కనపడతారని తలుపుకు వీపు చేసుకుని కడిగింది. వర్షిత రెండు రోజులూ రాలేదు.

గురువారం సాయంత్రం ఇక ఉండబట్టలేక షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్లాను. ఆరు గదుల వరస, అందరికీ ఒకే నల్లా. నర్సయ్య రాత్రి డ్యూటీకి తయారై గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. చంద్రమ్మ నన్ను చూసి కంగారుగా చాప వేసింది. టీ పెట్టింది. గ్లాసు నా చేతికివ్వకుండా నా ముందు నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆ తర్వాత కూర్చుంటుందేమోనని చూశాను. కడిగిన గిన్నెలు తీసి మళ్ళీ తోమసాగింది.

"ఎందుకాగినవ్ చంద్రమ్మా? రేపు వాళ్లు అడుగుతరు. నాకన్న చెప్పు" అన్నాను.

చేతిలో గిన్నె తోమడం పూర్తి చేసింది. తర్వాత నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"నాకప్పుడు తొమ్మిదేండ్లు. యాసంగి నాట్లు. మా అవ్వ పటేలు పొలంల నాటేస్తుండె. పటేలమ్మ చంటిపిలగాన్ని తీస్కొని గట్టు మీదికొచ్చి, వేపకొమ్మకు చీరతోని తొట్టె కట్టింది. ఆ తొట్టెకు పొడుగు తాడు. ఆ కొస నా చేతికిచ్చి, నువ్వు ఈడ కూసోని ఊపాలె, తొట్టె కాడికి పోవద్దు, పిలగాన్ని ముట్టొద్దు, ఏడిస్తె నన్ను పిలువు అన్నది. గంతే నా పని. మాది మాదిగ వాడ టీచరమ్మా. మాకది కొత్త గాదు."

గిన్నె పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

"ఒకనాడు పిలగాడు ఒక్కతీరుగ ఏడుస్తున్నడు. పిలిచిన. ఆమె దూరంగున్నది, ఇనవడలే. దగ్గరికి పోయి చూస్తె కొమ్మ మీదికెల్లి ఎర్రచీమలు. పిలగాని మెడ నిండ ఉన్నయ్. నాకేం తోచలే, ఎత్తుకున్న. చీమలన్ని దులిపిన. ఊకున్నడు గూడ. నా భుజం మీద తలవెట్టిండు. అప్పుడొచ్చింది పటేలమ్మ."

"కొట్టిందా?"

"నన్నేమనలే. పిలగాన్ని గుంజుకొని బోరు కాడికి తీస్కపోయింది. మోటరు నీళ్ల కింద పెట్టి కడిగింది. పుష్యమాసం చలి. చల్లటి గాలి. పిలగాడు ఊపిరి అందక నీలంగ అయితున్నడు, ఆమె కడుగుతనే ఉన్నది. నేను ముట్టిన ఒళ్లు గదా. మూడు రోజులు జరమొచ్చిందంట పిలగానికి. మా అవ్వ నన్ను కొట్టింది, ఆ దెబ్బలు నాకు యాదికి లేవు. ఆ పిలగాడు నీలంగయ్యింది యాదికున్నది. నేను ఎత్తుకోకుంటె ఆ జరం రాకపోవు అనుకున్న. ఇప్పటిదాంక గట్లనే అనుకుంటున్న."

నర్సయ్య బూటు తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పదిహేనేళ్ల కాపురంలో ఈ సంగతి తనకు తెలియదన్నాడు తర్వాత.

"వర్షిత పడ్డప్పుడు ఉరికిన టీచరమ్మా. చేతులు సాపిన. అంతల కండ్ల ముంగట ఆ నీళ్లే. ఈ బిడ్డకేమైతదో అని చేతులు గుంజుకున్న. మిమ్ముల పిలిచిన. పిల్లలు చేతులు సాపి అడిగితె నాకు భయంగాదు. వాళ్లే అడిగిన్రు, నా తప్పు లేదనుకుంట. అడగకుంట ముట్టుకోవాలంటెనే ఒళ్లు ఒప్పదు."

టీ తాగలేకపోయాను. మాట్లాడాల్సింది నేనే గాని నర్సయ్య ముందు మాట్లాడాడు.

"కండ్లు తిరిగినయని చెప్పు. అయిపోతది."

"కండ్లు తిరిగేటిదానికి పిల్లల్నెవరిస్తరు?" అంది చంద్రమ్మ.

"మరి నిజం చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు" అన్నాను.

"చెప్తె నేనెవరో తెలుస్తది. తెలిసినంక ఆ గదిల ఉండనిస్తరా? నాకు ఆ గది గావాలె టీచరమ్మా. ఇంకేమొద్దు. వాళ్లు నా మీద పండుకుంటె నాకు నిద్రలెక్క ఉంటది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను, అందుబాటులో ఉన్నది ఆమె. "ఇదేం మీ ఊరు గాదు చంద్రమ్మా. ఇక్కడ ఇవన్నీ ఎవరు పట్టించుకుంటరు?" అన్నాను.

ఆమె మొదటిసారి తోమడం ఆపి నన్ను చూసింది. "మీ ఇంట్ల పట్టించుకోరా?"

మా ఇంట్లో వాకిలి ఊడ్చడానికి వచ్చే ముసలామెకు ఒక స్టీలు గ్లాసు ఉంది. అది వంటింట్లోకి రాదు, నల్లా గట్టు మీదే ఉంటుంది. మా అమ్మ దానికోసం ఎన్నడూ ఏమీ అనలేదు, అనవలసిన అవసరం లేకుండానే అందరికీ తెలుసు. నాకూ తెలుసు, ముప్పై రెండేళ్లుగా. నేను నేల మీది గ్లాసు తీసి చల్లారిన టీ మొత్తం తాగాను. అదేదో ఘనకార్యమైనట్టు తాగాను. చంద్రమ్మ మర్యాదగా మరో వైపు చూసింది.

శుక్రవారం మూడు గంటలకు మీటింగ్ గదిలో అయిదుగురం. భీమేశ్వరరావు గారు ఆ కట్టడానికి అడ్మిన్ మేనేజర్, కోస్తా మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలవరు. ఆయన చెడ్డవాడు కాదు. అది రాసి తీరాలి, లేకపోతే తప్పు మొత్తం ఆయన మీదికి పోతుంది. ఆయనకు ఎదురుగా కృష్ణప్రియ, ఒళ్లో వర్షిత. పిల్ల పెదవి మీద పుండు మానుపడుతోంది. చంద్రమ్మ ఉతికి మడతపెట్టిన యూనిఫాం చీర కట్టుకొచ్చింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

వీడియో పెద్ద తెర మీద వేశారు. చంద్రమ్మ దాన్ని చూడటం అదే మొదటిసారి. తాను చేతులు వెనక్కి తీసుకునే చోట ఆమె కళ్లు మూసుకుంది. భీమేశ్వరరావు గారు మళ్ళీ వేశారు.

"చంద్రమ్మ గారూ, మేం ఎవరినీ నిందించడానికి కూర్చోలేదండి. ఎందుకు ఎత్తుకోలేదో చెబితే చాలు."

నేను ఆగలేక "సార్, నేను చెప్తాను, అసలు జరిగిందేమిటంటే" అని మొదలుపెట్టాను. చంద్రమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. తనంతట తానుగా నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"నేను చెప్త" అంది. లేచి నిలబడింది.

తొట్టె సంగతి, చీమల సంగతి, బోరు నీళ్ల సంగతి చెప్పింది. ముందు రోజు నాకు చెప్పిన దాంట్లో సగం మాటలతోనే చెప్పింది. "మేము మాదిగోళ్లం సార్. బిడ్డ మీద ప్రేమ లేక ఆగలే. నేను ముట్టుకుంటె బిడ్డకు కీడైతదని చిన్నప్పుడు నా ఒంట్లకు ఎక్కింది. అది నా తప్పు. ఇగ ఆగ" అని కూర్చుంది.

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. "అయ్యయ్యో, ఇక్కడ అలాంటివేం లేవండి, మేమెవరం కులం చూడం" అన్నారు భీమేశ్వరరావు గారు. నోట్స్ రాస్తున్న ఆఫీసు అమ్మాయి వైపు తిరిగి, "ఈ భాగం రాయకండమ్మా" అన్నారు. కృష్ణప్రియ కళ్లలో నీళ్లు తిరిగాయి. "సారీ చంద్రమ్మా. నాకు నిజంగా తెలీదు. నాకు అలాంటి పట్టింపులేం లేవు. మా ఇంట్లో అసలే లేవు" అంది. నా గుండె తేలికపడింది. అయిపోయింది, సోమవారం ఈమె మళ్ళీ పిల్లల గదిలో ఉంటుంది అనుకున్నాను.

భీమేశ్వరరావు గారు బయటికి వెళ్లి పది నిమిషాల్లో ఒక కాగితంతో తిరిగొచ్చారు. చాలా మంచి పరిష్కారం దొరికినవాడిలా గొంతు సవరించుకుని చదివారు. చంద్రమ్మ గారు క్రెష్‌లోనే కొనసాగుతారు. జీతంలో మార్పు లేదు. బొమ్మలు, పక్కలు, గిన్నెలు, గది శుభ్రత ఆమె చూసుకుంటారు. పిల్లలను ఎత్తుకోవడం, తినిపించడం, నిద్రపుచ్చడం మాత్రం ఇంకొకరికి అప్పగిస్తారు.

"మీ మనసుకు కష్టం కలగకూడదని ఇలా అనుకున్నామండి" అన్నారు ఆయన.

"అదే బెటర్. ఇద్దరికీ మంచిది" అంది కృష్ణప్రియ వెంటనే.

చంద్రమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"మా ఊళ్లె ఈ మాట నోటితోనే చెప్పిన్రు సార్. కాయితం రాయలే" అంది.

"అయ్యో, అది వేరు, ఇది వేరండి. ఇది మీ కోసం."

"నాకు ఎత్తుకునే పనే గావాలె సార్. దానికే వచ్చిన. ఆగనని చెప్తున్న గదా." ఆమె కృష్ణప్రియ వైపు తిరిగింది. గొంతులో బతిమాలడం లేదు, కోపం లేదు. "అమ్మా, మీకు పట్టింపు లేదంటిరి. బిడ్డను ఒక్కపారి నా చేతికియ్యుండ్రి."

చేతులు చాపింది. వెనక్కి తీసుకోలేదు. కృష్ణప్రియ పిల్లను పట్టుకున్న చెయ్యి కొంచెం బిగిసింది. ఆమె ముఖంలో ఏమేమో కదిలాయి. లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. "ఇప్పుడు వద్దులే చంద్రమ్మా. దానికి నిద్రొస్తోంది. పెదవి కూడా ఇంకా నొప్పిగా ఉంది" అంది. వర్షిత నిద్రపోవడం లేదు. బల్ల మీది పెన్ను కోసం తన్నుకులాడుతోంది.

"మీరు గూడ ఆగిన్రు గదమ్మా" అంది చంద్రమ్మ.

దెబ్బ తగిలిన పిల్లను ఏ తల్లి అయినా అలాగే పట్టుకుంటుందేమో. కృష్ణప్రియ మనసులో కులం లేకనే పోవచ్చు. ఉండనూ వచ్చు. నాకు తెలియదు, బహుశా ఆమెకూ తెలియదు. చంద్రమ్మకు అసలే తెలియదు. ఎదుటివాళ్లు ఎందుకు ఆగారో తెలియకుండానే ఆమె ముప్పై ఎనిమిదేళ్లు బతికింది. లేచి ఏదో ఒకటి అనాలనుకున్నాను. ఏమీ అనలేదు.

చంద్రమ్మ కాగితాన్ని భీమేశ్వరరావు గారి ముందుకు జరిపింది. "బిడ్డలను ముట్టని పనికైతె ఆరో అంతస్తు ఉన్నది సార్. ఆడ బాత్రూములల్ల ఏ బిడ్డ పడదు, ఏడ్వదు. నేను ఆడికే పోత" అంది. అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఆయన చాలాసేపు బాధపడ్డారు. ఎంత చెప్పినా వినలేదే అన్నారు. ఫైల్లో పెట్టుకోవాలి కదా అని కాగితం నా వైపు తిప్పారు. కింద రెండు సంతకాలకు చోటుంది, ఒకటి ఉద్యోగిది, ఒకటి సాక్షిది. ఉద్యోగి గీత మీద ఏమీ లేదు. దాని కింద నీలం సిరాతో భానుశ్రీ అని ఉంటుంది, ఎవరైనా తీసి చూస్తే.